అమెరికా చరిత్ర ఇంటర్నెట్‌లో ఎక్కడినుంచి మొదలుపెట్టాలి అని అడిగిన తమ్ముడికి

వరంగల్ నుంచి ఎం.ఏ. హిస్టరీ చదువుతున్న తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "సార్, మాకు అమెరికా చరిత్ర ఒక పేపర్ ఉంది, జిరాక్స్ నోట్స్ తప్ప ఇంకేం లేవు, తేదీలు బట్టీ కొట్టి విసుగొచ్చింది. ఇంటర్నెట్‌లో ఫ్రీగా అసలైన మెటీరియల్ ఎక్కడ దొరుకుతుంది? అక్కడి మామూలు మనుషులు ఎలా బతికారో కూడా తెలుసుకోవాలని ఉంది. నా ఇంగ్లిష్ ఓ మోస్తరు."

నేను ఇక్కడ న్యూజెర్సీలో ఒక పబ్లిక్ లైబ్రరీలో పదిహేడేళ్ళుగా పని చేస్తున్నా, రోజూ ఎవరో ఒకరు వచ్చి మా తాతల గురించి ఏమైనా దొరుకుతుందా, మా వీధి వందేళ్ళ కింద ఎలా ఉండేది అని అడుగుతుంటారు, వాళ్ళకి వెతికి పెట్టడమే నా ఉద్యోగం. కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తా, ఓపిగ్గా చదవండి.

అందరూ ముందు పుస్తకం మొత్తం చదివి తర్వాత ఒరిజినల్ కాగితాలు చూద్దాం అనుకుంటారు, ఆ "తర్వాత" ఎప్పటికీ రాదు. నేను చెప్పేది తిరగేసి చేయమని. ముందు ఒక్క కాగితం పట్టుకోండి, ఒక ఉత్తరమో, ఒక పాత పేపర్ ముక్కో, ఒక ఫోటోనో. అది ఎవరు రాశారు, ఎవరికి రాశారు, ఆ ఏడాది ఏం జరుగుతోంది అని వెతుక్కుంటూ పోతే మీ నోట్స్‌లో ఉన్న తేదీలు వాటంతట అవే గుర్తుంటాయి. పుస్తకం అప్పుడు డిక్షనరీలా పక్కన పెట్టుకుంటే చాలు.

ఆ పక్కన పెట్టుకునే పుస్తకం ఏంటంటే "ది అమెరికన్ యాప్" (The American Yawp, ఫోన్‌లో ఉండే యాప్ కాదు) అని ఆన్‌లైన్‌లో పూర్తిగా ఫ్రీగా ఉన్న టెక్స్ట్‌బుక్, చాలామంది ప్రొఫెసర్లు కలిసి రాశారు, ఇంగ్లిష్ కూడా తేలికే. వినడం ఇష్టమైతే యేల్ యూనివర్సిటీ వాళ్ళు క్లాసులన్నీ వీడియోలుగా పెట్టేశారు, జోయాన్ ఫ్రీమన్ గారు స్వాతంత్ర్య పోరాటం మీద, డేవిడ్ బ్లైట్ గారు సివిల్ వార్ మీద చెప్పినవి. సివిల్ వార్ క్లాసులు 27 ఉన్నాయి, సబ్‌టైటిల్స్ పెట్టుకుని రోజుకి ఒకటి వినండి, మీ ఇంగ్లిష్‌కి కూడా మంచిది. ఇంతకంటే వీటి గురించి చెప్పక్కర్లేదు, అసలు విషయానికి వస్తా.

మొదటి చోటు పాత న్యూస్‌పేపర్లు. అమెరికాకి జాతీయ గ్రంథాలయం లాంటి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో "క్రానిక్లింగ్ అమెరికా" అని ఒక విభాగం ఉంది, 1700ల నుంచి 1963 దాకా అమెరికాలో చిన్నా పెద్దా ఊళ్ళలో వచ్చిన పేపర్లు, రెండు కోట్లకి పైగా పేజీలు స్కాన్ చేసి పెట్టారు, ఒక్క పైసా కట్టక్కర్లేదు, లాగిన్ కూడా అడగదు. ఏ మాటైనా కొట్టి వెతకొచ్చు, రాష్ట్రం పేరు, సంవత్సరం పెట్టుకుని తగ్గించుకోవచ్చు.

కానీ వెతకడంలోనే కిటుకు ఉంది. మన వాళ్ళ గురించి వెతుకుదామని చాలామంది "ఇండియన్" అని కొడతారు, వేల పేజీలు వస్తాయి, అవన్నీ దాదాపు అక్కడి ఆదివాసుల గురించే ఉంటాయి. ఆ రోజుల్లో అమెరికా పేపర్లు మన దేశం నుంచి వచ్చిన ప్రతివాడినీ "హిందూ" అనే రాసేవి, తలపాగా కట్టిన సిక్కులని కూడా అలాగే రాసేవి, స్పెల్లింగ్ కొన్ని చోట్ల చివర యూ ఉంటుంది, కొన్ని చోట్ల డబల్ ఓ ఉంటుంది. ఆ మాట పెట్టి, వాషింగ్టన్ రాష్ట్రం, 1907 సెప్టెంబర్ అని పెట్టి చూడండి. బెల్లింగ్‌హామ్ అనే ఊళ్ళో సెప్టెంబర్ 4 రాత్రి కలప మిల్లుల్లో పని చేసే తెల్లవాళ్ళు వందల మంది గుంపుగా వెళ్ళి, అదే మిల్లుల్లో పని చేసే మన పంజాబీ కూలీలు ఉండే గదుల మీద పడి, కొట్టి, ఊళ్ళోంచి తరిమేశారు. కొద్ది రోజుల్లోనే వాళ్ళంతా ఊరు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఈ వార్తని ఒక్క పేపర్‌లో చదివి ఆగకండి, నాలుగైదు ఊళ్ళ పేపర్లు పక్క పక్కన పెట్టి చదవండి. ఎవరు గుంపుని తప్పుపట్టారు, ఎవరు "పద్ధతి తప్పే కానీ వాళ్ళు పోవడం మంచిదే" అన్నట్టు రాశారు, బాధితుల మాట ఒక్కటైనా ఎవరైనా వేశారా అని చూడండి. ఒక సాయంత్రం ఇలా కూర్చుంటే జాత్యహంకారం అనే చాప్టర్ మీకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

అక్కడినుంచి దారం లాగితే ఎక్కడికి వెళ్తుందో చూడండి. 1923 ఫిబ్రవరి 19న అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో తీర్పు ఇచ్చింది. ఈయన పంజాబీ సిక్కు, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పని చేశాడు. అప్పటి చట్టం ప్రకారం బయటినుంచి వచ్చినవాళ్ళలో తెల్లవాళ్ళకి, ఆఫ్రికా మూలాలున్న వాళ్ళకి మాత్రమే పౌరసత్వం. దీనికి మూడు నెలల ముందే, 1922 నవంబర్‌లో, ఒజావా అనే జపనీయుడి కేసులో ఇదే కోర్టు "తెల్లవాడు అంటే కాకేసియన్ జాతివాడు, నువ్వు కాదు" అంది. అప్పటి శాస్త్రవేత్తల లెక్కలో ఉత్తర భారతీయులు కాకేసియన్లే కాబట్టి నేను తెల్లవాడినే కదా అని థింద్ వాదించాడు. కోర్టు ఏమందంటే, శాస్త్రవేత్తలు ఏమన్నా సరే, మామూలు మనిషి ఎవరిని తెల్లవాడు అనుకుంటాడో వాడే తెల్లవాడు, నువ్వు కాదు అంది. రెండు తీర్పులూ రాసింది ఒకే జడ్జి, జార్జ్ సదర్లాండ్, ఆయన కూడా ఇంగ్లాండ్‌లో పుట్టి వచ్చినవాడే. రెండు తీర్పులూ నెట్‌లో పూర్తిగా ఉన్నాయి, చిన్నవే, పక్కపక్కన పెట్టుకుని చదవండి, మూడు నెలల్లో మాట ఎలా మార్చారో మీకే కనబడుతుంది.

ఈ తీర్పు తర్వాత అప్పటికే పౌరసత్వం వచ్చిన మనవాళ్ళ దగ్గర కూడా దాన్ని వెనక్కి లాక్కోవడం మొదలుపెట్టారు. శాన్ ఫ్రాన్సిస్కోలో వ్యాపారం చేసుకునే వైష్ణో దాస్ బగాయ్ అనే ఆయన అలా దేశం లేనివాడైపోయి 1928లో ప్రాణం తీసుకున్నారు. వాళ్ళ కుటుంబం ఫోటోలు, కాగితాలు "సాదా" అనే సౌత్ ఏషియన్ అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్‌లో ఉన్నాయి, 2008లో మొదలైన సంస్థ ఇది, ఉండేది ఫిలడెల్ఫియాలో, మొత్తం ఫ్రీ. ఆయన భార్య కళా బగాయ్ పేరు ఇప్పుడు బర్క్లీలో ఒక వీధికి పెట్టారు. ఆ ఫోటోల్లో పిల్లల్ని పక్కన పెట్టుకుని ఆవిడ నిలబడ్డ తీరు చూస్తే నాకు మా నాయనమ్మ గుర్తొస్తుంది, ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

తెలుగువాళ్ళకి ఇందులో ఒక విషయం ప్రత్యేకంగా తగులుతుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్‌లో దిగింది సరిగ్గా ఆ తీర్పుల రోజుల్లోనే. ఆయన సైన్స్ గురించి మనం స్కూల్లో చదువుకున్నాం గానీ ఆయన అడుగుపెట్టిన దేశం ఆ రోజుల్లో మనవాళ్ళని ఏ కళ్ళతో చూస్తోందో ఎవరూ చెప్పలేదు. 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చేదాకా భారతీయులకి పౌరసత్వం దారి లేదు, అది వచ్చాక కూడా ఏడాదికి వంద మందికే కోటా. 1965 వలస చట్టంతోనే తలుపు నిజంగా తెరుచుకుంది, ఇవాళ ఇక్కడ ఉన్న లక్షల మంది తెలుగువాళ్ళ కథ మొదలయ్యేది ఆ చట్టంతో. ఆ చట్టం వెనక నల్లవాళ్ళ పౌరహక్కుల పోరాటం ఉంది. ఇది నేను ఇక్కడి మన పిల్లలకి ప్రతిసారీ చెప్తా.

అందుకే బానిసత్వం గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఇది వదిలేసి అమెరికా చరిత్ర చదివితే ఏమీ చదవనట్టే. ముందు "స్లేవ్ వాయేజెస్" అనే సైట్ చూడండి, 36,000 ఓడ ప్రయాణాల వివరాలు ఒక్కొక్కటిగా ఉన్నాయి, ఓడ పేరు, కెప్టెన్ పేరు, ఎంతమందిని ఎక్కించారు, ఎంతమంది బతికి దిగారు. మొత్తం మీద ఆఫ్రికాలో ఎక్కించింది కోటీ ఇరవై ఐదు లక్షల మందిని, దిగింది కోటీ ఏడు లక్షల దాకా. అందులో నేరుగా ఉత్తర అమెరికాకి తెచ్చింది నాలుగు లక్షల లోపే, మిగతావాళ్ళని బ్రెజిల్‌కీ కరీబియన్ దీవులకీ తీసుకెళ్ళారు. 1808 నుంచి బయటినుంచి తేవడం చట్టరీత్యా ఆపేశారు కూడా. మరి 1860 జనాభా లెక్కల్లో దాదాపు నలభై లక్షల మంది బానిసలు ఎక్కడినుంచి వచ్చారు? అక్కడే పుట్టారు. తల్లి బానిస అయితే బిడ్డ బానిస, అదీ చట్టం. పత్తి పంట దక్షిణానికి పాకేకొద్దీ వర్జీనియా, మేరీలాండ్ వైపు నుంచి మిసిసిపీ, లూసియానా వైపుకి దాదాపు పది లక్షల మందిని తరలించారు, అందులో ఎంతోమందిని సంతలో అమ్మి పంపారు. తల్లిని ఒకడికి, బిడ్డని ఇంకొకడికి.

ఈ లెక్క చదివితే బుర్రకి ఎక్కుతుంది అంతే. మనసుకి ఎక్కాలంటే "లాస్ట్ సీన్" అనే సైట్‌కి వెళ్ళండి, విల్లనోవా యూనివర్సిటీ వాళ్ళు పెట్టింది. బానిసత్వం పోయాక, విడిపోయిన తమ వాళ్ళ కోసం జనం పేపర్లలో వేసుకున్న ప్రకటనలు వేల కొద్దీ అక్కడ ఉన్నాయి. మన పేపర్లలో "కనబడుటలేదు" అని వస్తాయి కదా అలాంటివే, కాకపోతే తప్పిపోయి వారం కాదు, ఇరవై ఏళ్ళు, ముప్పై ఏళ్ళు అయ్యుంటుంది. మా అమ్మ పేరు ఇది, మమ్మల్ని ఫలానా యజమాని ఫలానా ఊళ్ళో అమ్మేశాడు, అప్పుడు నేను చిన్నపిల్లని, అన్నదమ్ముల పేర్లు ఇవి, ఎవరికైనా తెలిస్తే ఈ అడ్రస్‌కి రాయండి, పాస్టర్లు దయచేసి ఇది చర్చిలో చదివి వినిపించండి. అంతే ఉంటుంది. ఐదారు లైన్లు. 1900 దాటాక కూడా ఇంకా వెతుకుతున్నవాళ్ళు ఉన్నారు. నా దగ్గరికి హైస్కూల్ పిల్లలు ప్రాజెక్ట్ కోసం వస్తే ఒక్కొక్కళ్ళకి ఒక్క ప్రకటన ప్రింట్ తీసి ఇస్తా, ఇందులో ఉన్న ఊళ్ళన్నీ మ్యాప్ మీద గుర్తు పెట్టండి, ఈవిడ జీవితం ఎన్ని మైళ్ళు నడిచిందో చూడండి అంటా. గోల చేసే పిల్లలు కూడా పది నిమిషాలు తల ఎత్తరు. మీరూ ఇదే చేయండి, మీ సెమినార్ పేపర్‌కి ఇంతకంటే మంచి మొదలు ఉండదు.

తర్వాత చెవులకి పని. అవునండీ, బానిసగా పుట్టిన మనుషుల గొంతు రికార్డింగులు ఉన్నాయి, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో. ఫౌంటెన్ హ్యూస్ అనే ముసలాయన్ని 1949లో బాల్టిమోర్‌లో రికార్డ్ చేశారు, అప్పటికి తనకి 101 ఏళ్ళు అని చెప్తాడు, తాత థామస్ జెఫర్సన్ దగ్గర ఉండేవాడని చెప్తాడు. మనుషులందరూ సమానంగా పుట్టారని రాసిన జెఫర్సనే. బానిసగా ఉండటమంటే కుక్కతో సమానం అని ఆయన చెప్పే చోట గొంతులో కోపం లేదు, వణుకు లేదు, ఎండ కాస్తోంది అన్నట్టు చెప్తాడు. మొదటిసారి విన్నరోజు నేను డ్యూటీలో ఉన్నా, హెడ్‌ఫోన్ తీసి కాసేపు బయటికి వెళ్ళి నిలబడ్డా. యాస అర్థం కాదేమో అని భయపడకండి, కింద పూర్తి రాత ఉంటుంది.

ఇంకోటి, 1936 నుంచి 1938 మధ్య ప్రభుత్వం రచయితలకి ఉపాధి కోసం పెట్టిన పథకం కింద, బతికున్న మాజీ బానిసలతో 2,300కి పైగా ఇంటర్వ్యూలు చేయించారు, ఫోటోలతో సహా అదే సైట్‌లో ఉన్నాయి. ఇవి చదివేటప్పుడు మాత్రం జాగ్రత్త. "మా దొర మంచోడు, కడుపునిండా పెట్టేవాడు" అని చాలా చోట్ల కనబడుతుంది, దాన్ని ఉన్నదున్నట్టు పరీక్షలో రాసేయకండి. అడిగినవాళ్ళు ఎక్కువమంది తెల్లవాళ్ళు, కొన్ని చోట్ల అదే ఊరి పాత యజమానుల కుటుంబాల వాళ్ళు. చెప్పేది ఎనభై దాటిన పేదవాళ్ళు, ఆకలి కాలం, సర్కారు మనిషి వచ్చాడు పెన్షన్ ఏమైనా ఇస్తాడేమో అని ఆశ. మీది వరంగల్ కదా, మీకు నేను చెప్పాలా, వెట్టి చేసిన ముసలాయన దగ్గరికి దొర మనవడే నోట్‌బుక్ పట్టుకుని వచ్చి మా తాత ఎలాంటివాడు అని అడిగితే ఆయన ఎంత చెప్తాడు, ఎంత మింగేస్తాడు? అదే కన్నుతో ఇవి చదవండి. మాటల మధ్య మింగినది కూడా మీకు వినబడుతుంది. వాళ్ళ యాసని వెక్కిరింపుగా వంకర స్పెల్లింగులతో రాశారు కూడా, అది రాసినవాడి చూపు, చెప్పినవాడి తెలివి తక్కువ కాదు.

ఇక పరీక్షలో తప్పకుండా వచ్చే దేశ స్థాపకులు, వాషింగ్టన్, జెఫర్సన్, హామిల్టన్ బాపతు. వాళ్ళ ఉత్తరాలు, కాగితాలు లక్షా ఎనభై వేలకి పైగా "ఫౌండర్స్ ఆన్‌లైన్" అనే నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో టైపు చేసి నోట్స్‌తో పెట్టారు. వాట్సాప్‌లో జెఫర్సన్ అన్నాడు, వాషింగ్టన్ అన్నాడు అని వచ్చే సూక్తులు ఇక్కడ వెతకండి, సగం దొరకవు. జెఫర్సన్ ఇల్లు మాంటిచెల్లో వాళ్ళ సైట్‌లో ఆయన అనని మాటల జాబితాయే ఒకటి ఉంది. మీరు రాసే ఏ కొటేషన్ అయినా ఒకసారి ఇక్కడ చూసుకుని రాయండి, ఇది చేసేవాళ్ళు చాలా తక్కువ.

అందులో ఒక్క ఉత్తరం చదవమంటే నేను ఆబిగేల్ ఆడమ్స్ గారు భర్త జాన్ ఆడమ్స్‌కి 1776 మార్చి 31న రాసింది చదవమంటా. మాసచూసెట్స్ హిస్టారికల్ సొసైటీ సైట్‌లో ఆవిడ చేతిరాత ఫోటో కూడా ఉంది. కొత్త చట్టాలు రాసేటప్పుడు ఆడవాళ్ళని గుర్తుపెట్టుకోండి, మొగుళ్ళ చేతికి అంతులేని అధికారం ఇవ్వొద్దు అని రాసింది. అందరూ ఆ ఒక్క లైనే ఎత్తి రాస్తారు. మొత్తం చదివితే అందులో బోస్టన్‌లో తమ ఇల్లు బ్రిటిష్ సైన్యం వాళ్ళు ఎంత మురికి చేసి పోయారో, మశూచి భయం ఎలా ఉందో, అన్నీ ఉంటాయి. సాటి మనుషుల స్వేచ్ఛ లాక్కోవడం అలవాటైన వర్జీనియా వాళ్ళకి స్వేచ్ఛ మీద నిజంగా అంత మక్కువ ఉంటుందా అని కూడా అడిగింది. ఏప్రిల్ 14న ఆయన ఇచ్చిన జవాబు, నవ్వకుండా ఉండలేకపోతున్నా అని. ఆడవాళ్ళకి దేశమంతటా ఓటు హక్కు రాజ్యాంగ సవరణగా వచ్చింది 1920లో. ఆ రెండు ఉత్తరాలూ, ఈ తేదీ, మీ జవాబుకి ఇవి చాలు.

ఫోటోల విషయానికి వస్తే, 1930ల కరువు కాలంలో ప్రభుత్వమే ఫోటోగ్రాఫర్లని ఊళ్ళమీదికి పంపింది, దాదాపు 1,75,000 నెగెటివ్‌లు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకుని వాడుకోవచ్చు. డొరోతియా లాంగ్ 1936లో కాలిఫోర్నియాలో తీసిన, పిల్లలు చెరో భుజం మీద తల వాల్చుకున్న తల్లి ఫోటో మీరు ఎక్కడో చూసే ఉంటారు. దాని కింద పేరు లేదు, బఠానీలు ఏరే కూలీ, ఏడుగురు పిల్లల తల్లి, 32 ఏళ్ళు అని మాత్రమే ఉంది. ఆవిడ పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. ఆవిడ చెరోకీ ఆదివాసీ, ఆ సంగతి లాంగ్‌కి తెలియదు. తిండి కోసం కారు టైర్లు అమ్ముకున్నారని లాంగ్ రాసింది, కుటుంబం మాత్రం అది నిజం కాదంది. ఫోటో ప్రపంచమంతా తిరిగింది, ఆవిడకి డబ్బు రూపంలో ఏమీ రాలేదు. అందుకే ఆ ఒక్క ఫోటో చూసి వదలకండి, అదే రోజు తీసిన మిగతా షాట్లు కూడా అక్కడే ఉన్నాయి, దూరం నుంచి డేరా కనబడే ఫోటో మొదలుకుని వరసగా చూడండి, ఫోటోగ్రాఫర్ ఒక్కో అడుగు దగ్గరికి వచ్చి ఏమేం ఫ్రేమ్‌లోంచి తీసేసిందో తెలుస్తుంది.

ఇంకా వినాలనిపిస్తే "ఓయెజ్" అనే సైట్. సుప్రీంకోర్టులో 1955 నుంచి జరిగిన వాదనల ఆడియోలు అక్కడ ఉన్నాయి. 1967 నాటి లవింగ్ కేసు వినండి, తెల్లవాడు నల్లావిడని పెళ్ళి చేసుకున్నందుకు వర్జీనియాలో శిక్ష వేశారు. వాళ్ళ లాయర్ తన క్లయింట్ చెప్పమన్న మాట కోర్టుకి చెప్తాడు, నేను నా భార్యని ప్రేమిస్తున్నా, ఆమెతో వర్జీనియాలో బతకలేకపోవడం అన్యాయం అని కోర్టుకి చెప్పండి అన్నాడని. కులం బయట పెళ్ళి చేసుకున్న పిల్లల వార్తలు చదివే మనకి ఆ మాట దూరంగా అనిపించదు.

సంస్కృతి అంటే పండగలు, ఫ్యాషన్లు అని కాకుండా పాటతో మొదలుపెట్టండి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ "నేషనల్ జూక్‌బాక్స్"లో 1900ల మొదటి రోజుల గ్రామఫోన్ రికార్డులు వినొచ్చు, అందులో నల్లవాళ్ళని ఎగతాళి చేసే పాటలు కూడా ఉన్నాయి, అవి జనం ఇళ్ళలో మురిపెంగా విన్న పాటలు, అది కూడా చరిత్రే. 1941లో జానపద పాటలు సేకరించే ఆలన్ లోమాక్స్ వాళ్ళు మిసిసిపీలో ఒక పత్తి తోటకి రికార్డింగ్ మిషన్ తీసుకెళ్ళి, అక్కడ పని చేసే కుర్రాడి పాట రికార్డ్ చేశారు. ఆ కుర్రాడే మడ్డీ వాటర్స్. రెండేళ్ళకి రైలెక్కి షికాగో వెళ్ళిపోయాడు, అక్కడ కరెంటు గిటార్ పట్టాడు, ఆ బ్లూస్ (దక్షిణాది నల్లవాళ్ళ పాట పద్ధతి) విని ఇంగ్లాండ్ కుర్రాళ్ళు బ్యాండ్లు పెట్టారు. 1910 నుంచి 1970 మధ్య దాదాపు అరవై లక్షల మంది నల్లవాళ్ళు దక్షిణం వదిలి ఉత్తరానికి, పశ్చిమానికి వెళ్ళారు, దాన్ని గ్రేట్ మైగ్రేషన్ అంటారు, మీ సిలబస్‌లో ఒక పేరా ఉంటుంది, ఆ పేరాకి గొంతు ఈయనే. స్మిత్‌సోనియన్ వాళ్ళ "ఫోక్‌వేస్" సైట్‌లో పాత రికార్డులతో వచ్చిన చిన్న పుస్తకాలు ఫ్రీగా దింపుకోవచ్చు, పాటల మాటలు, పాడినవాళ్ళ ఊళ్ళు, కథలు అన్నీ ఉంటాయి.

వంట మీద ఆసక్తి ఉంటే మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళ "ఫీడింగ్ అమెరికా"లో పాత వంట పుస్తకాలు 76 ఉన్నాయి, 1796లో వచ్చిన అమీలియా సిమన్స్ పుస్తకం దగ్గర్నుంచి. మొక్కజొన్న పిండిని అందులో "ఇండియన్" పిండి అంటారు, అది ఎవరి దగ్గర నేర్చుకున్న తిండో ఆ పేరే చెప్తుంది.

మీకు ఇక్కడ చుట్టాలు ఉంటే ఒక పని చేయండి. "మ్యాపింగ్ ఇన్ఈక్వాలిటీ" అని యూనివర్సిటీ ఆఫ్ రిచ్‌మండ్ వాళ్ళ సైట్‌లో వాళ్ళ ఊరి పేరు కొట్టండి. 1930ల్లో ప్రభుత్వ సంస్థ ఒకటి రెండు వందలకి పైగా ఊళ్ళలో వీధి వీధికీ గ్రేడు వేసింది, ఆకుపచ్చ మంచిది, నీలం పర్లేదు, పసుపు దిగజారుతోంది, ఎరుపు ప్రమాదం. నల్లవాళ్ళు ఉన్న పేటలు దాదాపు అన్నీ ఎరుపే. ఎరుపు పడ్డ పేటలో ఇంటి లోన్ దొరకడం కష్టం, లోన్ లేకపోతే ఇల్లు లేదు, ఇల్లు లేకపోతే పిల్లలకి మిగిలేది లేదు. ఇక్కడ స్కూళ్ళకి వచ్చే డబ్బులో పెద్ద భాగం ఇంటి పన్ను నుంచే వస్తుంది. మన తెలుగువాళ్ళు ఇల్లు కొనేటప్పుడు స్కూల్ డిస్ట్రిక్ట్ బాగుందా అని మొదట అడుగుతారు, ఆ బాగుండటం, బాగుండకపోవడం వెనక ఈ రంగులు ఉన్నాయని చాలామందికి తెలియదు. ఆ మ్యాప్‌ల పక్కనే అధికారులు నింపిన ఫారాలు కూడా ఉన్నాయి, ఎంతమంది నల్లవాళ్ళు, ఎంతమంది పరదేశీలు "చొరబడుతున్నారు" అని గడి పెట్టి మరీ నింపారు. చదవండి.

మన దేశంతో అమెరికా సంబంధాల మీద ప్రశ్న వస్తే వ్యాసాలు చదవడం కంటే విదేశాంగ శాఖ వాళ్ళే 1861 నుంచి వేస్తున్న "ఫారిన్ రిలేషన్స్" సంపుటాలు చూడండి, ఆఫీస్ ఆఫ్ ది హిస్టోరియన్ సైట్‌లో ఉన్నాయి. 1971 బంగ్లాదేశ్ యుద్ధం మీద ఒక సంపుటం మొత్తం ఉంది, అధ్యక్షుడు నిక్సన్, ఆయన సలహాదారు కిసింజర్ గదిలో ఏం మాట్లాడుకున్నారో, ఢాకాలో ఉన్న అమెరికా దౌత్యాధికారి ఆర్చర్ బ్లడ్ ఏప్రిల్ 6న తన ప్రభుత్వాన్నే తప్పుపడుతూ పంపిన టెలిగ్రామ్ ఏంటో చదవొచ్చు. అధ్యక్షుడు జాన్సన్ కాలం సంపుటంలో పి.ఎల్.480 (ఆహార సాయం కోసం అమెరికా చేసిన చట్టం) కింద వచ్చిన గోధుమల సంగతి ఉంది, 1965, 66 కరువులో ఓడలని కొద్దికొద్దిగా వదులుతూ మనల్ని ఎలా పట్టి ఉంచారో. ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, అమెరికా గోధుమలు, బడిలో పాలపొడి గుర్తుంటాయి.

ఆ గోధుమలకి ఇంకో కొస ఉంది. మనం గోధుమలకి కట్టిన రూపాయలు మన దేశంలోనే అమెరికా ఖాతాలో పోగయ్యాయి, ఆ రూపాయలతో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962లో ఢిల్లీలో ఆఫీసు తెరిచి భారతీయ భాషల పుస్తకాలు కొని అమెరికా యూనివర్సిటీలకి పంపింది. షికాగో, విస్కాన్సిన్ లైబ్రరీల్లో అన్ని తెలుగు పుస్తకాలు ఉండటానికి ఒక పెద్ద కారణం అదే. మన దగ్గర చెదలు తినేసిన పుస్తకం అక్కడ అట్ట నలగకుండా ఉండటం నేను స్వయంగా చూశా, సంతోషమూ బాధా రెండూ కలిగాయి.

కొన్ని చిన్న విషయాలు చెప్పి ఆపుతా. పాత పేపర్లలో కంప్యూటర్ అక్షరాలు తప్పు చదువుతుంది, కాబట్టి ఒక మాట దొరక్కపోతే లేదని అనుకోకుండా స్పెల్లింగ్ మార్చి, ఊరి పేరుతో, వీధి పేరుతో వెతకండి. 1800కి ముందు అచ్చులో ఎస్ అక్షరం చాలా చోట్ల ఎఫ్ లాగా ఉంటుంది, ఆ లెక్కన కొట్టి చూడండి. దొరికిన ప్రతిదానికీ పేపర్ పేరు, తేదీ, పేజీ నంబర్, లింక్ అప్పుడే రాసుకోండి, రేపు రాసుకుందాం అంటే మళ్ళీ దొరకదు. 1890 జనాభా లెక్కలు మాత్రం వెతక్కండి, 1921 అగ్నిప్రమాదం దెబ్బకి దాదాపు మొత్తం పోయాయి. 1950వి 2022లో బయటపెట్టారు, డెబ్భై రెండేళ్ళు దాటితేగానీ పేర్లు చూపించరు.

ఇంగ్లిష్ గురించి మీరు పడుతున్న భయానికి మందు కూడా అక్కడే ఉంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు 2018లో "బై ది పీపుల్" అని మొదలుపెట్టారు, పాత చేతిరాత కాగితాలు తెరమీద పెడతారు, ఎవరైనా ఎక్కడినుంచైనా చూసి టైపు చేయొచ్చు, ఇంకొకరు సరిచూస్తారు. ఓటు హక్కు కోసం పోరాడిన ఆడవాళ్ళ ఉత్తరాలు, పౌరహక్కుల కోసం పోరాడిన రోజా పార్క్స్ కాగితాలు ఇలాగే టైపు అయ్యాయి. రోజుకి ఒక్క పేజీ చేయండి, మొదటి వారం ఒక్కో లైనుకి పది నిమిషాలు పడుతుంది, నెల తిరిగేసరికి చేతిరాత చదవడం వచ్చేస్తుంది. వరంగల్‌లో మీ గదిలో కూర్చుని మీరు టైపు చేసిన పేజీ రేపు ఇక్కడ మా డెస్క్ దగ్గర ఎవరో వెతికితే దొరుకుతుంది. ఈ ఆదివారం "లాస్ట్ సీన్"లో ఒక ప్రకటన తీసుకుని ఆ ఊళ్ళు మ్యాప్ మీద పెట్టి చూడండి, ఎవరిది తీసుకున్నారో కింద రాయండి. అర్థం కాని మాట ఉంటే స్క్రీన్‌షాట్ పెట్టండి, నేను రాత్రి తొమ్మిది తర్వాత చూస్తుంటా.